తాళం వేసిన గదిలో ఫోను

మడికొండ దాటి కొంచెం ముందుకు పోతే, రోడ్డుకు ఎడమ పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. పగలు చూస్తే ఏమీ ఉండదు. మిరపకాయ బస్తాలు, లారీలు, తుమ్ములు. చీకటి పడిందంటే మాత్రం ఆ చోటికి చెడ్డపేరు. ఆటోవాళ్లు గేటు దాకా రారు. రోడ్డు మీదే దించేసి, కిరాయి మాత్రం గేటు దాకా తీసుకుంటారు. భయం భయమే, కిరాయి కిరాయే.

అక్కడ దయ్యం ఉండేది చింతచెట్టు మీద కాదు, పాడుబడ్డ బావిలో కాదు. టేబుల్, కుర్చీ, ఫోను, ఏసీ ఉన్న ఆఫీసు గదిలో. మన దయ్యాలు కూడా చదువుకుంటున్నాయి మరి.

నేను కళ్లారా చూసింది లేదు. మా ఊరి నర్సయ్య కూతురు సౌమ్య చెప్పింది కొంత, అక్కడి వాచ్‌మన్ మొగిలి చెప్పింది కొంత. సౌమ్య నా దగ్గర చదువుకున్న పిల్ల, అబద్ధం ఆడదు. మొగిలికి అబద్ధం ఆడేంత ఓపిక లేదు. కాబట్టి విన్నది విన్నట్టు చెప్తున్నాను.

ఆ గది చంద్రమౌళిది. కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు, కెమెరాలు, ఫోన్లు అన్నీ ఆయనే చూసుకునేవాడు. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. దీపావళి పోయాక ఒకనాడు ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. ఓనరు వెంకట్రాజం సేటుకు ఆయనంటే చాలా గౌరవం, పోయాక. బతికున్నప్పుడు యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కావాలని మొత్తుకుంటే ఇవ్వలేదు గాని, పోయాక గదికి తాళం వేసి, తాళానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. మిరపకాయలకు అక్కడ కరువు లేదు గదా.

గది ఎట్లాగూ ఖాళీ అయిందని ఆ గది ఫోను, కెమెరా బందు చేయించాడు. మిర్చి సీజను మొదలయ్యే ముందు, ఉన్న మూడు చల్లని గదుల పక్కన నాలుగోది కూడా కట్టించాడు.

అప్పటి నుంచి మొదలైంది.

కరెంటు పోతుంది... వస్తుంది. వచ్చిన కాసేపటికి, తాళం వేసిన గదిలో ఫోను మోగుతుంది.

బందు చేసిన ఫోను. ఎత్తే మనిషి లేని ఫోను. ఆగకుండా మోగుతుంది.

గేటు దగ్గర మొగిలి ముందు ఒక టీవీ ఉంటుంది. కెమెరాల్లో పడేదంతా దాంట్లో గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. అందులో ఒక గడి ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. ఫోను మోగే వేళకు ఆ గడి దానంతట అదే వెలుగుతుంది...

కుర్చీ. కుర్చీ మీద తువ్వాల. గోడకు నిరుటి క్యాలెండరు. టేబుల్ మీద ఫోను. దాని ఎర్రలైటు వెలిగి, ఆరి, వెలిగి...

"మనిషి లేడు సారూ," అన్నాడు మొగిలి నాతో. "మనిషి ఉంటె గింత భయమైతుండెనా?"

మర్నాడు హన్మకొండ నుంచి అనిల్ అనే ఇంజినీరు బైకు మీద వచ్చేవాడు. వరండాలో ఉన్న ఇనుప బీరువా తెరిచి, ల్యాప్‌టాప్ ముందేసుకొని ఏదో టైపు చేసేవాడు. ఫోను నోరు మూసుకునేది. టీవీలో గడి నల్లబడేది. సేటు ఆ బీరువాకు దండం పెట్టుకునేవాడు. మళ్లీ కరెంటు పోయేదాకా అంతా క్షేమం.

ఇది చాలదన్నట్టు ఇంకొకటి. మూడో గదిలో దాచిన మిరపకాయలు పాలిపోతున్నాయి. నెత్తురులా ఎర్రగా పెట్టిన కాయ, తీసేసరికి తేలిపోయి వస్తోంది. రైతులు అడిగితే సేటు దగ్గర జవాబు సిద్ధం.

"చంద్రమౌళి పీలుస్తాండు."

మనుషుల నెత్తురు దొరకని దయ్యం మిరపకాయల ఎరుపు పీలుస్తుందట. దానికి కడుపులో మంట పుట్టదా అని ఎవరూ అడగలేదు.

దయ్యాన్ని పారదోలడానికి ములుగు దిక్కు నుంచి ఉప్పలయ్య అనే మంత్రగాణ్ని పిలిపించారు. పూజసామాను సంగతి వాట్సాప్‌లో పంపేంత ముందుకుపోయిన మంత్రగాడు. ఆయనది ఒకటే షరతు: "పూజ అయ్యేదాక కరెంటు ఉండద్దు. మెయిన్ బందు పెట్టుండ్రి."

సరేనని ప్రతి అమావాస్యకూ మెయిన్ ఆపేవారు. కొబ్బరికాయ కొట్టేవారు. మెయిన్ వేసేవారు. వేసిన కాసేపటికి... ఫోను మోగేది.

"సూసిన్రా? నా దెబ్బకు ఎట్ల మొత్తుకుంటాందో!" అనేవాడు ఉప్పలయ్య.

సేటు ఆయన కాళ్లకు మొక్కేవాడు. తప్పు లెక్కకు ఇంత ధీమాగా జవాబు రాసిన పిల్లవాణ్ని నా సర్వీసులో నేను చూడలేదు.

ఇంతలో మే నెల వచ్చింది.

నర్సయ్యకు ఏనుమాముల మార్కెట్లో బేరం కుదిరింది, తెల్లారితే లారీ ఎక్కించాలి. ఏడాది పంట మొత్తం ఆ మూడో గదిలోనే ఉంది. మందు కొట్టి, నీళ్లు పెట్టి, కూలీలను బతిమాలి ఏరించిన కాయ. రంగు ఉంటే బేరం, రంగు పోతే ఆ ఏడాది పోయినట్టే. మడికొండ ఐటీ పార్కులో నెట్‌వర్క్ పని చేసే సౌమ్య డ్యూటీ దిగి, సంచిలో ల్యాప్‌టాప్‌తోనే తండ్రి వెంట వచ్చింది.

పొద్దు గూకే వేళ. సేటు ఆఫీసు. నర్సయ్య గుప్పెడు కాయలు టేబుల్ మీద పోశాడు.

"గిది నా కాయేనా సేటూ?"

"నీదే నర్సయ్యా. నీ పేరున్న బస్తనే, అంచుకు ఉన్నది."

"నేను పెట్టినప్పుడు పెండ్లిపిల్ల చీర లెక్కుండె. ఇప్పుడు ముసలోని పంచె లెక్కున్నది."

"నేనేం జెయ్యాలె? ఆయన పీలుస్తాండాయె. ఈ అమావాస్యకు నీ పేరు మీద గూడ ఒక కొబ్బరికాయ కొట్టిపిస్త, తీయ్."

"నా పంట పోతాంటె కొబ్బరి చిప్ప చేతుల పెడ్తవా?"

సౌమ్య తండ్రి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "సేటూ, గది వేడెక్కితె మీకెట్ల తెలుస్తది?"

"నా సెల్లుకు మెసేజ్ వస్తది బిడ్డా. టింగుమంటది."

"ఎప్పుడన్న టింగుమన్నదా?"

"ఒక్కసారి గూడ రాలే!" సేటు ఛాతీ పొంగింది. "గంత మంచిగ పనిచేస్తాంది నా స్టోరేజీ."

సౌమ్య తండ్రి పోసిన కాయల వంక చూసింది. సేటు వంక చూసింది.

బయట గాలి లేచింది. రేకులు కొట్టుకున్నాయి. దుమ్ము... ఒక మెరుపు... కరెంటు పోయింది.

చీకట్లో సేటు గొంతు సన్నగా, "మొగిలీ... కారు తాళాలు యాడున్నయిరా?"

జనరేటరు దగ్గింది. లైట్లు వచ్చాయి. మొగిలి గేటు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"గడి వెలిగింది సేటూ... కుర్సీ కనవడ్తాంది..."

అంతా చెవులు రిక్కించారు. వాన చినుకు. జనరేటరు మోత. దాని కింద నుంచి, వరండా చివర నుంచి...

ట్రింగ్... ట్రింగ్...

సేటు కారులో ఉన్నాడు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. ఆ వయసులో, ఆ పొట్టతో, అంత వేగం ఆయనకే కొత్త. అద్దాలు ఎక్కించుకొని లోపలి నుంచే చెయ్యి ఊపుతున్నాడు, రండ్రి రండ్రి అని.

"పోదాం పా బిడ్డా," అన్నాడు మొగిలి. "ఫోను ఆగేదాక గేటు బయట నిలవడ్తం. మాకు అలవాటే."

"నేను రాను," అన్నాడు నర్సయ్య. "నా కాయ లోపలున్నది. దయ్యం నన్నేం జేస్తది? రంగు పోతె నేనే దయ్యమైత."

సౌమ్య చెయ్యి చాచింది. "తాతా, తాళం చెయ్యియ్యి."

"వద్దు బిడ్డా..."

"ఇయ్యి తాతా. ఫోనే గదా. ఎత్తితె ఎవలో ఒకలు మాట్లాడ్తరు."

"గందుకే గదా భయం!"

నిమ్మకాయ ఎండి గట్టిపడింది. మిరపకాయలు తాళానికి అతుక్కుపోయాయి. సౌమ్య వాటిని తప్పించి తాళం తిప్పింది. తలుపు కిర్రుమంది. లోపల మూసిన గది వాసన. కుర్చీ, తువ్వాల. పైన కెమెరా చుక్క ఎర్రగా ఆమెనే చూస్తోంది.

ట్రింగ్... ట్రింగ్...

ఫోను మీద దుమ్ము. ఆమె వేళ్ల ముద్రలు దాని మీద పడ్డాయి. ఎత్తింది.

గరగర. ఒక ఊపిరి. తర్వాత...

"నేను చంద్రమౌళిని... మూడో గది వేడెక్కుతాంది... జర సూడుండ్రి."

చిన్న దగ్గు.

గడప దగ్గర నిలబడ్డ నర్సయ్యకు కూడా వినపడింది. గోడ పట్టుకున్నాడు. "ఆయననే! బిడ్డా, గా గొంతు ఆయనదే! నిరుడు నా బస్తాలు దించుకున్నది ఆయననే..."

సౌమ్య ఫోను చెవికి గట్టిగా ఆనించుకొని అడిగింది, గుసగుసగా.

"హలో... ఎవరండీ?"

"నేను చంద్రమౌళిని... మూడో గది వేడెక్కుతాంది... జర సూడుండ్రి."

దగ్గు.

"సారూ... మీరు యాడి నుంచి మాట్లాడ్తాన్రు?"

"నేను చంద్రమౌళిని..."

మూడోసారీ దగ్గు అక్కడే వచ్చింది. అదే ఊపిరి, అదే గరగర, అదే దగ్గు. సౌమ్య ఫోను పెట్టేసింది. ఆమె భయం ఆ దగ్గు దగ్గరే పోయిందట. "దయ్యమైనా సరే సారూ, ఒక్క తీరుగ మూడుసార్లు దగ్గదు గదా," అన్నది నాతో.

"బాపూ, ఉరుకు! మూడో గది మిషన్ బందైంది!"

ఉరికారు. నిజమే. కరెంటు పోయినప్పుడు మిగతా మిషన్లు జనరేటరుతో వాటంతట అవే అందుకున్నాయి. మూడో గదిది పాతది, చేత్తో వేస్తే గాని తిరగదు. చంద్రమౌళి పోయాక పొద్దున గాని ఎవరూ వేసేవాళ్లు కాదు. వెయ్యాల్సిన వాళ్లంతా ఫోను మోగగానే గేటు బయట నిలబడేవాళ్లు గదా! తెల్లారేదాకా గది వేడెక్కేది. కాయ పాలిపోయేది. దయ్యం పేరు పెరిగేది.

మొగిలి హ్యాండిల్ తిప్పాడు. మిషన్ గుర్రుమంది. నర్సయ్య బస్తాల మధ్యకు పోయి ఒక్కొక్కదాంట్లో చెయ్యి పెట్టి చూశాడు. అంచున ఉన్నవే కొన్ని పోయాయి. నడిమి బస్తాల్లో కాయ ఇంకా ఎర్రగానే ఉంది. ఆ కాయ ముక్కు దగ్గర పెట్టుకొని గట్టిగా తుమ్మాడట. సంతోషానికో, ఘాటుకో చెప్పలేదు.

ఇక్కడ చిన్న పాఠం. ఓపిక పట్టండి, మాస్టారు కథ చెప్తే ఇది తప్పదు.

ఆ ఇనుప బీరువాలో ఉన్న పెట్టె పేరు స్విచ్. గోడకుండే లైటు స్విచ్ కాదు. కెమెరాలు, ఫోన్లు, కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి దాంట్లో చేరతాయి. కాజీపేట జంక్షన్ అనుకోండి. ఏ వైరులోంచి వచ్చింది ఏ వైరులోకి పోవాలో, ఏ లైను మూసి ఉంచాలో అది చూసుకుంటుంది. ఆ నియమాలను కాన్ఫిగ్ అంటారట. స్విచ్ వాటిని రెండు చోట్ల ఉంచుకుంటుంది. ఒకటి పలక, ఒకటి నోట్‌బుక్కు. పని చేసేటప్పుడు చూసేది పలక. కరెంటు పోతే పలక తుడుచుకుపోతుంది. కరెంటు రాగానే నోట్‌బుక్కు తెరిచి, దాంట్లో ఉన్నది పలక మీదికి ఎక్కించుకొని మళ్లీ పని మొదలుపెడుతుంది.

నోట్‌బుక్కులో రాసింది చంద్రమౌళి. ఆయన రాతలో ఆయన గది ఫోను, ఆయన గది కెమెరా బతికే ఉన్నాయి. గదులు వేడెక్కితే కబురు చెప్పే అలారం పెట్టె ఆ ఫోనునే మోగిస్తుంది, గదికొకటి చొప్పున ఆయన రికార్డు చేసిపెట్టిన మాటతో. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనే ఎత్తేవాడు. తన గొంతు తానే విని, లేచి పోయి మిషన్ వేసుకొచ్చేవాడు.

ఆయన పోయాక అనిల్ రాసిన కొత్త నియమాలు, ఫోను బందు, కెమెరా బందు, కబురు సేటు సెల్లుకు, అన్నీ పలక మీదే ఉండిపోయాయి. కరెంటు పోయిందా, చంద్రమౌళి నోట్‌బుక్కు తెరుచుకున్నట్టే.

మరి అంత చదివిన అనిల్ నోట్‌బుక్కులో ఎందుకు ఎక్కించలేదు? సౌమ్య అప్పుడే ఫోన్ చేసి అడిగింది.

"ఎక్కిద్దామనే అనుకున్న మేడం," అన్నాడు అనిల్. "పాతది చెరిపెయ్యాల్నా అని అడిగింది మిషను. సేటు నా ఎనుకనే ఉండె. పోయినోని రాత ఏడాది ఎల్లకముందు చెరుపుతవా, ఊకుంటడా వాడు, అన్నడు. వద్దు అని కొట్టిన."

"ప్రతిసారి?"

"ప్రతిసారి. నాకు గూడ పెండ్లాం పిల్లలున్నరు మేడం."

అదీ సంగతి. దయ్యానికి భయపడి దాని రాత దాచిపెట్టారు. రాత దాచిపెట్టినందుకే అది వచ్చింది. వచ్చినందుకు కరెంటు ఆపి పూజ చేశారు. కరెంటు ఆపినందుకు మళ్లీ వచ్చింది. పాపం, ఎవరైనా పొమ్మంటే కదా పోవడానికి!

సౌమ్య బీరువా తెరిచి ల్యాప్‌టాప్ పెట్టింది. సేటు కారు అద్దం సన్నగా దించాడు.

"బిడ్డా! పాతది చెరపకు. ఇంక ఏడాది ఎల్లలే."

"చెరపను సేటూ. పాతదానికి నకలు తీసి పెన్‌డ్రైవ్‌ల పెడ్త. మీరు తీస్కపోయి దేవునర్రల పెట్టుకోండ్రి, దీపం ముట్టించుకోండ్రి, మీ ఇష్టం. దీంట్ల మాత్రం కొత్తది రాస్త."

"ఆయనకు కోపం రాదా?"

"బ్యాకప్ తీసినందుకు ఏ ఇంజినీరుకూ కోపం రాదు సేటూ. బతికున్నోళ్లకైనా, పోయినోళ్లకైనా."

నకలు తీసింది. కొత్త నియమాలు పలక మీద రాసింది. మిషను అడిగింది, పాతది చెరపాలా అని. అవును అని కొట్టింది. ఆ క్షణంలో మొగిలి కళ్లు గట్టిగా మూసుకున్నాడట. చెవులు కూడా.

తర్వాత ఆమె కావాలనే స్విచ్ వైరు పీకి, మళ్లీ పెట్టింది.

టీవీలో ఆ గడి నల్లగానే ఉంది. ఫోను మోగలేదు.

సేటు జేబులో సెల్లు టింగుమంది, జీవితంలో మొదటిసారి. మూడో గది ఇంకా పూర్తిగా చల్లబడలేదని మెసేజ్. సేటు సెల్లును కారులోనే కింద పడేశాడు.

నర్సయ్య కాయ అమ్ముడుపోయింది. పోవాల్సిన ధరకే పోయింది. పలక మీద రాసింది బుక్కులోకి ఎక్కించనిదే ఏ పిల్లనూ ఇంటికి పోనిచ్చేవాణ్ని కాదు నేను. ఆ పాఠం ఒక్కరికైనా పనికొచ్చిందని నాకు తృప్తి. దయ్యం పోయిన ఘనత మాత్రం ఉప్పలయ్యకు దక్కింది. "నా మంత్రం జర ఆలస్యంగ ఎక్కుతది," అన్నాడట. సేటు ఆయనకు శాలువా కప్పాడు.

పోయే ముందు సౌమ్య సేటుకు ఒక మాట చెప్పింది. "కొత్తదానికి గూడ నకలు తీపియ్యండ్రి. మార్చినప్పుడల్ల తీపియ్యండ్రి."

"దయ్యమే పోయినంక తాయెత్తు ఎందుకు బిడ్డా?" అన్నాడు సేటు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది.

వానాకాలం మొదట్లో పిడుగు పడి స్విచ్ మాడిపోయింది. అనిల్ కొత్త పెట్టె తెచ్చాడు. "బ్యాకప్ ఏమన్న ఉన్నదా సేటూ?" అని అడిగాడు. సేటు గర్వంగా ఇంటికి పోయి, దేవునర్రలోంచి పసుపు, కుంకుమ పెట్టిన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. అనిల్ కుంకుమ తుడిచి దాన్నే కొత్త స్విచ్‌లోకి ఎక్కించి, బైకెక్కి పోయాడు. అందులో ఉన్నది ఎవరి రాతో మీకు తెలుసు. వాళ్లకే తట్టలేదు.

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది. తాళం తీసేసిన ఆ గదిలోనే మొగిలి పండుకుంటున్నాడు ఇప్పుడు. చెవి పక్కనే ఫోను మోగింది. మొగిలికి ఇప్పుడు భయం లేదు. ఆవులించి, ఎత్తి, "మూడో గదేనా సారూ? పోతాన," అన్నాడు.

"నేను చంద్రమౌళిని... నాలుగో గది వేడెక్కుతాంది... జర సూడుండ్రి."

దగ్గు.

మొగిలి పోయి చూశాడు. నాలుగో గది మిషన్ ఆగిపోయి ఉంది. వేసి వచ్చి, మళ్లీ పండుకున్నాడు.

ఈ ముక్క మొగిలి నాకు మామూలుగానే చెప్పాడు, చాయ్ తాగుతూ. నాకే చాయ్ దిగలేదు. నాలుగో గది కట్టింది చంద్రమౌళి పోయాక గదా!

సౌమ్యకు ఫోన్ చేశాను. నవ్వింది. "ముందుచూపున్న మనిషి సారూ. ఇంకో గది కడ్తరని ముందే రికార్డు చేసిపెట్టిండేమో. ఆదివారం పోయి సూస్త."

ఆదివారం అలారం పెట్టె విప్పి చూసి, అక్కడి నుంచే ఫోన్ చేసింది. వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"సారూ..."

"చెప్పు బిడ్డా."

"పెట్టెల మూడు గదుల మాటలే ఉన్నయి సారూ. నాలుగోది లేదు. పాత రాతల నాలుగో గది వైరే లేదు... ఇప్పుడేం జెయ్యమంటరు?"

ముప్పై ఏళ్లుగా పిల్లలకు ధైర్యం చెప్పేవాణ్ని, ఏదో ఒకటి చెప్పాలి గదా.

"ముందుగాల," అన్నాను, "దానికి ఒక నకలు తీసి పెట్టు."